స్పార్క్‌తో లోహ పరీక్ష: కడపలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో చిన్న లోహ పరీక్షల ల్యాబ్ నడుపుతున్నాం. మా దగ్గరికి తాడిపత్రి, ఓర్వకల్లు వైపు నుంచి స్టీలు పనివాళ్లు వస్తారు. ఇల్లు కట్టుకునేవాళ్లు కమ్మీ ముక్క సంచిలో వేసుకుని వస్తారు. కాలేజీ పిల్లలు ప్రాజెక్టు కోసం వస్తారు. తుమ్మలపల్లె గని మన జిల్లాలోనే ఉంది కాబట్టి యురేనియం గురించీ, రియాక్టర్ల గురించీ అడిగేవాళ్లకు తక్కువ లేదు. పదే పదే అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాసి పెడుతున్నాను.

ఇనుప ముక్క మీద మెరుపు కొడితే దాంట్లో ఏముందో ఎట్లా తెలుస్తుంది సార్?

ముక్కను యంత్రం స్టాండు మీద బోర్లా పెడతాం. దాని కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో సూదిమొన లాంటి టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ ఉంటుంది. రెండింటి మధ్య సెకనుకు కొన్ని వందల స్పార్కులు పడతాయి. ఆ వేడికి లోహం పైపొర ఆవిరవుతుంది. అక్కడ ఉష్ణోగ్రత పది వేల డిగ్రీల దాకా పోతుంది. ఆవిరిలోని పరమాణువుల్లో ఎలక్ట్రాన్లు పైమెట్టుకు ఎగిరి, మళ్లీ కిందికి దిగుతాయి. దిగేటప్పుడు ఆ మెట్ల మధ్య తేడాకు సరిపడా వెలుగు విడిచిపెడతాయి. ఏ మూలకం మెట్లు ఆ మూలకానివే. అందుకే క్రోమియం ఇచ్చే వెలుగు గీత మాంగనీసు ఇవ్వదు.

ఆ వెలుగు సన్నని చీలిక గుండా లోపలికి వెళ్లి, మిల్లీమీటరుకు వేల గీతలున్న పుటాకారపు గ్రేటింగ్ మీద పడుతుంది. ఇంద్రధనుస్సులా విడిపోతుంది. ఒక్కో గీత పడే చోట ఒక్కో డిటెక్టర్ ఉంటుంది. గీత ఎంత ప్రకాశంగా ఉంటే ఆ మూలకం అంత ఎక్కువ ఉన్నట్టు. ఒక షాట్‌కు, అంటే ఒకసారి స్పార్క్ కొట్టి కొలవడానికి, అర నిమిషం కూడా పట్టదు. అందుకే కొలిమిలో స్టీలు కరిగి ఉండగానే శాంపిల్ తీసి, రిపోర్టు చూసి, ఏం కలపాలో తేల్చుకోగలుగుతున్నారు. ఫౌండ్రీల్లో దీన్ని పొట్టిగా ‘స్పెక్ట్రో’ అంటారు.

మా నాయన గ్రైండర్ నిప్పురవ్వలు చూసి ఏ ఇనుమో చెప్పేవాడు. ఇదీ అదేనా?

కాదు, కానీ ఆ విద్య తక్కువదేమీ కాదు. గ్రైండర్ రవ్వల్లో పువ్వులా విచ్చుకునే చీలికలు కార్బన్ మండడం వల్ల వస్తాయి. కార్బన్ ఎక్కువైతే పువ్వులు ఎక్కువ. అనుభవమున్న మేస్త్రీ మైల్డ్ స్టీలునూ స్ప్రింగ్ స్టీలునూ కచ్చితంగా వేరు చేస్తాడు. గంధకం 0.03 శాతం ఉందా 0.05 శాతం ఉందా అన్నది మాత్రం కంటికి అందదు. ఆ పని కోసమే స్పెక్ట్రో.

ఈ పద్ధతి ఎప్పటిది?

1859-60 ప్రాంతంలో జర్మనీలో కిర్షాఫ్, బున్సెన్ అనే ఇద్దరు మంటలో ఉప్పులు వేసి, పట్టకం గుండా చూసి, ప్రతి మూలకానికీ సొంత గీతలు ఉంటాయని స్థిరపరిచారు. అదే దారిలో 1860లో సీసియం, 1861లో రుబీడియం బయటపడ్డాయి.

ఇందులో మన తెలుగు నేలకూ వాటా ఉంది. ఈ సంగతి వచ్చిన ప్రతి విద్యార్థికీ చెప్తాను. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని అక్కడి నుంచే చూశాడు. ఆ గ్రహణం నాటి, ఆ ఏడాది తర్వాతి పరిశీలనల్లో భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోని పసుపు గీత ఒకటి తేలింది. దానికే హీలియం అని పేరు వచ్చింది. 1895లో రామ్‌సే ఆ గీతను భూమ్మీద పట్టుకున్నది ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో. గుంటూరు ఆకాశం నుంచి యురేనియం రాయి దాకా నడిచిన కథ ఇది.

తర్వాత 1882లో రౌలాండ్ పుటాకారపు గ్రేటింగ్ తయారుచేశాడు. 1925లో జర్మనీ శాస్త్రవేత్త గెర్లాక్, ప్రధాన లోహం గీతతో పోల్చి, తక్కువగా ఉన్న మూలకం గీతను కొలవాలని చూపించాడు. ఈ రోజు మా యంత్రం చేస్తున్నదీ అదే: ఇనుము గీతతో ప్రతిదాన్నీ పోల్చి చూడడం.

ఆర్గాన్ ఎందుకు? గాలిలోనే కొట్టకూడదా?

కార్బన్ కొలిచే గీత 193 నానోమీటర్ల దగ్గర ఉంది. గంధకం 180.7, భాస్వరం 178.3 దగ్గర. ఇవన్నీ కంటికి కనిపించని లోతైన అతినీలలోహిత వెలుగులు. గాలిలోని ఆక్సిజన్ ఈ వెలుగును మింగేస్తుంది. డిటెక్టర్ దాకా చేరనివ్వదు. అందుకే లోపలి దారంతా వాక్యూమ్ చేసో, ఆర్గాన్ నింపో ఉంచుతారు. స్పార్క్ పడే చోట కూడా ఆర్గాన్ పారుతూ ఉండాలి. లేకపోతే లోహం ఆక్సైడుగా మారి స్పార్క్ దారి తప్పుతుంది.

వెల్డింగ్ షాపులో దొరికే ఆర్గాన్ దీనికి పనికిరాదు. 99.999 శాతం స్వచ్ఛత కావాలి. కాస్త తేమ ఉన్నా, ట్యూబు జాయింట్ దగ్గర కాస్త గాలి దూరినా ఫలితం చెడుతుంది.

శాంపిల్ ఎలా తేవాలి?

కనీసం పాతిక మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి ముక్క తెస్తే మాకు సులువు. స్టాండు మీది రంధ్రాన్ని పూర్తిగా మూసేలా ఒక వైపు చదునుగా ఉండాలి. సన్నని కమ్మీకి, తీగకు వేరే అడాప్టర్లు ఉన్నాయి. లేత్ రజను, తుప్పు పొడి మాత్రం తేవద్దు.

ముక్క తెచ్చాక మేం దాన్ని గ్రైండ్ చేస్తాం. ఈ పని చూడటానికి చిన్నదే. నా అనుభవంలో తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. స్టీలును ముతక బెల్టు మీద రుద్దాలి, నీళ్లు తగలకూడదు, ముక్క మరీ వేడెక్కి రంగు మారకూడదు. అల్యూమినియం, రాగి లాంటి మెత్తని లోహాలను బెల్టు మీద రుద్దితే ఎమరీ గింజలు లోపల దిగబడతాయి. వాటిని లేత్ మీదో మిల్లింగ్ మీదో చెక్కాలి. బెల్టు దేంతో తయారైందో కూడా చూసుకోవాలి. సిలికాన్ కార్బైడ్ బెల్టు సిలికాన్, కార్బన్ అంకెలను పెంచుతుంది. అల్యూమినా బెల్టు అల్యూమినియం అంకెను పెంచుతుంది. ముక్కలో జిర్కోనియం ఎంతుందో తెలుసుకోవాలంటే జిర్కోనియా బెల్టు వాడకూడదు. ఒకే బెల్టు మీద ఉదయం స్టెయిన్‌లెస్, మధ్యాహ్నం మైల్డ్ స్టీలు రుద్దితే, మైల్డ్ స్టీలులో లేని నికెల్ కనిపిస్తుంది.

రుద్దిన తర్వాత ఆ ముఖాన్ని వేలితో తాకకండి. చేతి నూనెలో కార్బన్ ఉంటుంది, చెమటలో సోడియం ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం నేను నేర్పేది ఈ ఒక్కటే.

ఒకే ముక్క మీద మూడు నాలుగు గుంటలు ఎందుకు కొడతారు?

ఒక్కో షాట్ కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున పైపొరను మాత్రమే చూస్తుంది. లోపల చిన్న బెజ్జం ఉన్నా, మలినం ముద్దకట్టి ఉన్నా ఆ షాట్ దారి తప్పుతుంది. మూడు షాట్లు దగ్గర దగ్గరగా వస్తేనే సగటు తీయాలి. దూరంగా వస్తే సగటు తీయకూడదు, ముక్కను మళ్లీ రుద్దాలి.

గుంటను చూసి కూడా చాలా తెలుసుకోవచ్చు. మంచి షాట్ అయితే మధ్యలో కరిగిన మచ్చ, చుట్టూ నల్లని వలయం ఉంటుంది. చెడ్డ షాట్ తెల్లగా, పాలిపోయినట్టు ఉంటుంది. శబ్దం కూడా మారుతుంది. తెల్ల మచ్చ వచ్చిందంటే ఆర్గాన్ బాగాలేదు, లేదా ముక్క సరిగా కూర్చోలేదు. ఆ అంకెను కొట్టేయాలి.

యంత్రం చూపిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

ఈ ప్రశ్నకు నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట, మే నెల మధ్యాహ్నం. కొత్త ఆర్గాన్ సిలిండర్ బిగించిన రోజు. ఒక షాఫ్టు ముక్క మీద మూడు షాట్లలో కార్బన్ మూడు రకాలుగా వచ్చింది. కస్టమర్ లారీ బయట ఆగి ఉంది, తొందర పెడుతున్నాడు. నేను మూడింటి సగటు తీసి, గ్రేడ్ సరిపోలేదని రిపోర్టు ఇచ్చేశాను. మర్నాడు పొద్దున మా కంట్రోల్ శాంపిల్ (ఏం ఎంతుందో ముందే తెలిసిన ముక్క) కొడితే అది కూడా తప్పు చూపింది. మచ్చలన్నీ తెల్లగా ఉన్నాయి. సిలిండర్ మార్చి, మిగిలిన ముక్క కొడితే గ్రేడ్ చక్కగా సరిపోయింది. వెంటనే ఫోన్ చేసి రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. అప్పటికే సరుకు తిప్పి పంపేశారు, వాళ్లకు రవాణా ఖర్చు నష్టం. ఆ ఖర్చు నేనే కట్టాను. అప్పటి నుంచి సిలిండర్ మార్చిన ప్రతిసారీ కంట్రోల్ శాంపిల్ కొట్టకుండా ఎవరి ముక్కా ముట్టుకోవడం లేదు.

యంత్రానికి సొంతంగా ఏమీ తెలియదు. దానికి తెలిసిందల్లా మనం చూపించిన ప్రామాణిక నమూనాలే. సంతలో త్రాసుకు పడికట్టు రాయి ఎట్లాగో దీనికి సర్టిఫైడ్ నమూనాలు అట్లా. రాయి తప్పైతే త్రాసు ఎంత ఖరీదుదైనా తూకం తప్పే. అందులోనూ ఏ లోహానికి ఆ లోహం నమూనాయే కావాలి. తక్కువ మిశ్రమాల స్టీలు నమూనాలతో చేసిన క్రమాంకనంతో (యంత్రం అమరికతో) స్టెయిన్‌లెస్‌ను కొలిస్తే అంకెలు వస్తాయి, కానీ వాటికి అర్థం ఉండదు. గది వేడి మారినా లోపలి గీతలు డిటెక్టర్ల మీద నుంచి కొంచెం జరుగుతాయి. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో ఏసీ ఆపేసి, మళ్లీ వేసి, పది నిమిషాల్లో కొలుస్తామంటే కుదరదు.

మీరు ఏ ల్యాబ్‌కు వెళ్లినా రెండు విషయాలు అడగండి: ఈ రోజు కంట్రోల్ శాంపిల్ కొట్టారా, ఎన్ని షాట్ల సగటు ఇది. మంచి ల్యాబ్ ఆ ప్రశ్నకు నొచ్చుకోదు.

ఇంటికి తెచ్చిన కమ్మీలు మంచివో కావో చెప్పగలరా?

రసాయన సంగతి చెప్పగలం. భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 500డి గ్రేడ్ కమ్మీలో కార్బన్ 0.25 శాతం, గంధకం 0.040, భాస్వరం 0.040 దాటకూడదు. మామూలు 500 గ్రేడ్‌కు ఈ హద్దులు కొంచెం సడలింపు: కార్బన్ 0.30, గంధకం, భాస్వరం ఒక్కొక్కటీ 0.055. భాస్వరం ఎక్కువైతే కమ్మీ చల్లగా ఉన్నప్పుడే పెళుసుగా విరుగుతుంది. గంధకం ఎక్కువైతే వేడి చేసి పనిచేసేటప్పుడు చిట్లుతుంది. కార్బన్ ఎక్కువైతే వంచేటప్పుడు పగుళ్లు వస్తాయి, వెల్డింగ్ నిలవదు.

అయితే కమ్మీ బలం రసాయనం ఒక్కదానితో తేలదు. టీఎంటీ కమ్మీని వేడిగా ఉండగానే నీళ్లతో చల్లార్చి పైపొర గట్టిపరుస్తారు. ఆ పని సరిగా జరిగిందో లేదో లాగే పరీక్ష, వంచే పరీక్ష చెప్పాలి. రెండూ చేయించండి. ఒక్క స్పెక్ట్రో కాగితం చూసి స్లాబు వేయొద్దు.

బీడు ఇనుము ముక్క తెస్తే కార్బన్ తప్పు వచ్చింది. ఎందుకు?

మామూలు బీడులో కార్బన్ గ్రాఫైట్ రేకులుగా విడిగా ఉంటుంది. స్పార్క్ దాన్ని సమంగా ఆవిరి చేయలేదు. అందుకే కరిగిన బీడును రాగి అచ్చులో పోసి, ఒక్కసారిగా చల్లార్చి, తెల్లబీడుగా మార్చిన బిళ్లను కొట్టాలి. పోత పోసేశాక, విరిగిన పంపు ముక్క తెస్తే కార్బన్ కోసం దహన పద్ధతి తప్ప దారి లేదు. మిగతా మూలకాలు చెప్పగలం.

చేతిలో పట్టుకునే గన్‌తో క్షణంలో చెప్తున్నారు కదా, ఇంత పెద్ద యంత్రం ఎందుకు?

ఆ గన్‌లు చాలావరకు ఎక్స్-రే మీద నడుస్తాయి. క్రోమియం, నికెల్, మాలిబ్డినం బాగా చెప్తాయి. కానీ కార్బన్‌ను చూడలేవు. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 గ్రేడ్‌కూ 304ఎల్ గ్రేడ్‌కూ ముఖ్యమైన తేడా కార్బన్‌లోనే ఉంది: మొదటిదానికి 0.08 శాతం దాకా, రెండోదానికి 0.03 శాతం దాకా. వెల్డింగ్ చేసినప్పుడు ఎక్కువ కార్బన్ క్రోమియంను లాక్కుని, రేణువుల అంచుల్లో చేరుతుంది. ఆ అంచుల వెంట తుప్పు పడుతుంది. ఈ తేడా ఎక్స్-రే గన్‌కు కనిపించదు.

ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం లాంటి చోట బాయిలర్ ట్యూబుల గ్రేడ్ చూడటానికి మాత్రం గన్ ఎంతో మేలు. రెండుంపావు శాతం క్రోమియం ట్యూబు ఏది, తొమ్మిది శాతం క్రోమియం ట్యూబు ఏది అన్నది నిలబడిన చోటే తేలిపోతుంది.

ప్రొద్దుటూరులో బంగారం దీంతోనే పరీక్షిస్తారా?

లేదు. స్పార్క్ నగ మీద గుంట చేస్తుంది, ఎవరూ ఒప్పుకోరు. అంగట్లో గీటురాయి, ఎక్స్-రే యంత్రం వాడతారు. హాల్‌మార్క్ వివాదం తేల్చేది మూసలో కరిగించి చేసే అగ్ని పరీక్ష.

రియాక్టర్‌లో వాడే లోహాల పరీక్ష ఎందుకు అంత కష్టం?

మామూలు లోహానికి మనం ఎక్కువగా ఉన్నదాన్ని చూస్తాం. రియాక్టర్ లోహానికి అతి తక్కువగా ఉన్నదాన్ని చూడాలి. నాకు ఈ వృత్తి మీద ఇష్టం పెరిగింది ఈ సంగతి అర్థమయ్యాకే.

యురేనియం చీలినప్పుడు బయటికొచ్చే న్యూట్రాన్లు ఇంకో యురేనియాన్ని చీల్చాలి. అప్పుడే గొలుసు చర్య సాగుతుంది. మధ్యలో ఉన్న లోహం ఆ న్యూట్రాన్లను మింగకూడదు. ఎంత మింగుతుందో బార్న్ అనే కొలతలో చెప్తారు. జిర్కోనియానికి అది 0.18 బార్న్ మాత్రమే. అందుకే ఇంధన కడ్డీల గొట్టాలు జిర్కోనియం మిశ్రమంతో చేస్తారు. ఇసుకలో దొరికే జిర్కాన్ అనే ఖనిజంలో జిర్కోనియంతో పాటు హాఫ్నియం ఎప్పుడూ అంటిపెట్టుకునే ఉంటుంది. రసాయన గుణాల్లో రెండూ కవల పిల్లలు. హాఫ్నియం మింగేది మాత్రం 104 బార్న్‌లు, జిర్కోనియం కంటే ఐదు వందల రెట్లకు పైగా. అందుకని ద్రావణి నిష్కర్షణతో (ద్రావకం సాయంతో ఒకదాన్ని విడిగా లాగేసే పద్ధతి) హాఫ్నియాన్ని తీసేసి, పది లక్షల పాళ్లలో వంద పాళ్లకు, అంటే 100 పీపీఎంకు లోపు తేవాలి. మన దేశంలో ఈ పని చేసేది 1971లో హైదరాబాదులో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. జిర్కోనియం స్పాంజి నుంచి ఇంధన కట్టల దాకా అక్కడ తయారవుతాయి.

బోరాన్, కాడ్మియం సంగతి ఇంకా కఠినం. ఆ గొట్టాలకు వాడే జిర్కోనియం మిశ్రమం జిర్కలాయ్‌లో ఒక్కోటి 0.5 పీపీఎం దాటకూడదు. టన్ను లోహంలో అర గ్రాము అన్నమాట. బస్తా బియ్యంలో ఒక గింజ వెతికినట్టే. జిర్కలాయ్-4లో తగరం 1.2 నుంచి 1.7 శాతం, ఇనుము 0.18 నుంచి 0.24, క్రోమియం 0.07 నుంచి 0.13 ఉండాలి. ఈ మిశ్రమ మూలకాలు స్పార్క్‌కు బాగా అందుతాయి. అర పీపీఎం బోరాన్ దగ్గర మాత్రం డీసీ ఆర్క్‌నో (ఆగకుండా మండే విద్యుత్ జ్వాల), ఐసీపీ-మాస్‌నో (ద్రావణాన్ని వేడి ఆర్గాన్ ప్లాస్మాలో పెట్టి, పరమాణువులను బరువును బట్టి లెక్కపెట్టే యంత్రం) ఆశ్రయించాలి. ఏ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో తెలియడం కూడా కెమిస్టు పనిలో భాగమే.

బోరాన్ ఎంత చేటు చేస్తుందో చెప్పడానికి చరిత్రలో ఒక ఘటన ఉంది. రియాక్టర్‌లో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి గ్రాఫైట్ గానీ భారజలం గానీ వాడొచ్చు. 1941లో జర్మనీలో వాల్టర్ బోథే అనే శాస్త్రవేత్త గ్రాఫైట్ మీద కొలతలు తీస్తే అది న్యూట్రాన్లను ఎక్కువగా మింగుతున్నట్టు తేలింది. దాంతో అక్కడివాళ్లు భారజలం వైపు తిరిగారు. అమెరికాలో సిలార్డ్ అనే శాస్త్రవేత్త మాత్రం అలాంటి మింగుడు గ్రాఫైట్‌ది కాదు, అందులోని బోరాన్ మలినానిది అని గుర్తించి, బోరాన్ లేని గ్రాఫైట్ కోసం పట్టుబట్టాడు. 1942 డిసెంబరు 2న చికాగోలో మొదటి రియాక్టర్ నడిచింది ఆ శుభ్రమైన గ్రాఫైట్‌తోనే.

స్టెయిన్‌లెస్ స్టీలులో కోబాల్ట్ ఇంకో రకం చిక్కు. నికెల్‌తో పాటు కొంచెం కోబాల్ట్ స్టీలులోకి వచ్చేస్తుంది. మామూలు వాడకంలో దాని గురించి ఎవరూ పట్టించుకోరు. రియాక్టర్ గొట్టాల్లో అది కొద్దికొద్దిగా అరిగి, నీళ్లతో ఇంధనం ఉండే కోర్ లోపలికి వెళ్లి, న్యూట్రాన్ తగిలి కోబాల్ట్-60 అవుతుంది. దాని అర్ధాయువు 5.27 ఏళ్లు, గట్టి గామా కిరణాలు ఇస్తుంది. అది మళ్లీ బయటి గొట్టాల లోపల పేరుకుంటుంది. రియాక్టర్ ఆపి మరమ్మతు చేసే కార్మికుడి ఒంటికి తగిలే రేడియేషన్‌లో పెద్ద భాగం దానిదే. స్టీలు కొనేటప్పుడే కోబాల్ట్‌కు హద్దు పెట్టి స్పార్క్ మీద తనిఖీ చేయడం ఆ మనిషిని కాపాడుకోవడానికే.

యురేనియాన్నే స్పార్క్ మీద కొడితే?

గీతలు వస్తాయి, అదే చిక్కు. యురేనియం వర్ణపటంలో వేల వేల గీతలు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుకుని ఉంటాయి. బోరాన్, కాడ్మియం బలహీనమైన గీతలు ఆ గుంపులో మునిగిపోతాయి. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడి గొంతు వినిపించనట్టే.

దీనికి స్క్రిబ్నర్, మల్లిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1946లో ప్రచురించిన ఉపాయం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. యురేనియాన్ని ఆక్సైడుగా మార్చి, అందులో రెండు శాతం గాలియం ఆక్సైడు కలిపి, గ్రాఫైట్ గిన్నెలో పెట్టి ఆర్క్ వెలిగించారు. త్వరగా ఆవిరయ్యే మలినాలను గాలియం తనతో పైకి మోసుకుపోతుంది. యురేనియం ఆక్సైడు మొండిది, గిన్నెలోనే కూర్చుండిపోతుంది. అంటే వెలుగులో వేరు చేయలేనిదాన్ని ఆవిరిలో వేరు చేశారు. గాడోలినియం లాంటి అరుదైన మృత్తికా మూలకాలు అంత త్వరగా ఆవిరి కావు. వాటి కోసం ముందు రసాయనికంగా యురేనియాన్ని తీసేయాలి. అట్లా మిగిలిన ద్రావణాన్ని రాగి ఎలక్ట్రోడ్ మీద చుక్కగా ఆరబెట్టి స్పార్క్ కొట్టే పద్ధతి 1947లో వచ్చింది. ఇప్పుడు ఆ ద్రావణాలన్నీ ఎక్కువగా ఐసీపీలోకి వెళ్తున్నాయి.

ఇదంతా అనుమతి ఉన్న ప్రత్యేక ల్యాబుల్లో, గ్లోవ్‌బాక్సుల (చేతి తొడుగులు బిగించిన మూసిన పెట్టెలు) లోపల జరిగే పని. మా దగ్గర జరగదు.

తుమ్మలపల్లె వైపు దొరికిన రాయి తెచ్చాను, కొడతారా?

కొట్టలేం. రాయి కరెంటును పోనివ్వదు, స్పార్క్ నిలబడదు. అక్కడి ఖనిజం వేంపల్లె డోలమైటు రాతిలో సన్నగా చెదిరి ఉంటుంది. సున్నపు జాతి రాయి కాబట్టి ఆమ్లం పోస్తే రాయే ఆమ్లాన్నంతా తాగేస్తుంది. అందుకే ఆ కర్మాగారంలో క్షారంతో, వేడి, ఒత్తిడి పెట్టి యురేనియాన్ని కరిగిస్తారు. అలాంటి రాళ్లను మెత్తగా నూరి ఎక్స్-రేతోనో, కరిగించి ఐసీపీతోనో చూస్తారు. యురేనియం ఖనిజం అణుశక్తి చట్టాల కిందికి వస్తుంది. దయచేసి సంచిలో వేసుకుని తిరగకండి, ఇంట్లో పిల్లలకు అందేలా పెట్టకండి.

మా ఊరి బోరు నీళ్లలో యురేనియం ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. మీరు చూడగలరా?

స్పార్క్ నీళ్లకు పనికిరాదు. నీళ్లలో యురేనియానికి ఫ్లోరిమీటరు లేదా ఐసీపీ-మాస్ ఉన్న ల్యాబ్ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. నీళ్లు పట్టేటప్పుడు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా వాడండి, మోటారు కాసేపు నడిచాక పట్టండి, సీసా మీద బోరు ఎక్కడిదో, ఏ తేదీన పట్టారో రాయండి. ఏ ల్యాబ్‌లో చేయించాలో తెలియకపోతే వచ్చి అడగండి, దానికి డబ్బేమీ తీసుకోం.

ఈ పనిలో ప్రమాదం ఉందా?

ఉంది, జాగ్రత్తగా ఉంటే తప్పుతుంది. ఆర్గాన్‌కు రంగు, వాసన లేవు. గాలికంటే బరువు. మూసిన గదిలో లీకైతే ఊపిరాడక మనిషి తెలియకుండానే పడిపోతాడు. సిలిండర్లు బయటే గొలుసు వేసి ఉంచాలి.

ఇంకొకటి ధూళి. స్పార్క్ తర్వాత ఎగ్జాస్ట్ ఫిల్టరులో సన్నని లోహపు మసి చేరుతుంది. జిర్కోనియం, టైటానియం, మెగ్నీషియం కొట్టినప్పుడు ఆ మసి చిన్న రవ్వకే అంటుకుంటుంది. జిర్కోనియం రజను మండితే నీళ్లు చల్లకూడదు, మంట ఇంకా పెరుగుతుంది. పొడి ఇసుక వేయాలి. మా దగ్గర యంత్రం పక్కన ఇసుక బకెట్ ఎప్పుడూ ఉంటుంది.

బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఈ పని నేర్చుకోవచ్చా?

తప్పకుండా. యంత్రం నడపడం పది రోజుల్లో వస్తుంది. చెడ్డ మచ్చను గుర్తుపట్టడం, అనుమానం వచ్చిన అంకెను పక్కన పెట్టడం ఏడాది పడుతుంది. అనంతపురం, కర్నూలు కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ నేర్చుకుని ఫౌండ్రీల్లో, స్టీలు ప్లాంట్లలో పనిచేస్తున్నారు. ఆడపిల్లలకు రాత్రి షిఫ్టు గురించి ఇంట్లో ఒప్పుకోరని అడుగుతుంటారు. టెస్టింగ్ ల్యాబుల్లో ఎక్కువగా పగటి పనే.

పరీక్ష అయ్యాక ముక్క తిరిగి ఇస్తారా?

మూడు నెలలు మా దగ్గరే ఉంచుతాం, నంబరు పంచి కొట్టి. రిపోర్టు మీద ఎవరికైనా అనుమానం వస్తే అదే ముక్క మీద, గుంటల పక్కనే ఖాళీ ఉన్న చోట, వాళ్ల ఎదురుగా మళ్లీ కొడతాం. అందుకే వచ్చేటప్పుడు కాస్త పెద్ద ముక్క తెండి.